నింగలూ తీరాన చుక్కల సొర

'తిమి' అనగా మహామత్స్యం. దానిని మింగగలది తిమింగిలం. ఆ తిమింగిలాన్ని సైతం మింగగల మరొక జీవిని ఊహించి, దానికి తిమింగిలగిలం అని పేరు పెట్టారు మన పూర్వులు. మెట్టు మెట్టుకూ నోరు పెద్దదవుతూ పోయే ఈ పేర్ల వరుసలో, సముద్రాన్ని గురించిన మానవుని తొలి భయమంతా ఇమిడి ఉన్నది. బలహీనమైనదానిని బలమైనది మింగడమే నీటిలోని ధర్మమని తలచి, అటువంటి స్థితి మానవ సంఘంలో ఏర్పడితే దానికి 'మత్స్యన్యాయం' అని పేరు పెట్టినవారు కూడా వారే. దండనీతి లేనిచోట మత్స్యన్యాయం ప్రబలుతుందని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో హెచ్చరించాడు.

అయితే చేపలన్నింటిలోకీ పెద్దదైన చేప మాత్రం ఈ న్యాయానికి లోబడక బ్రతుకుతున్నది. దాని పేరు తిమింగిల సొర. పేరులో తిమింగిలం ఉన్నప్పటికీ అది తిమింగిలం కాదు. తిమింగిలం పిల్లలకు పాలిచ్చే జంతువు. ఊపిరి పీల్చుకొనడానికి నీటిపైకి రాక తప్పదు. తిమింగిల సొర మొప్పలతో శ్వాసించే నిజమైన చేప. సొరజాతికంతటికీ వలెనే దాని ఒంటిలో గట్టి ఎముకలు లేవు, అస్థిపంజరమంతా మృదులాస్థియే. తిమింగిలం తన తోకను పైకీ క్రిందికీ ఆడిస్తుంది. ఇది ప్రక్కలకు ఆడిస్తూ, తొందర ఎరుగని బాటసారి వలె సాగిపోతుంది. పుట్టినపుడు మూరెడుకు కొంచెం మించి ఉండే ఈ చేప సుమారు 18 మీటర్ల దాకా పెరిగినట్లు నమోదైనది. అనగా రెండు తరగతి గదులను బారున చేర్చినంత పొడవు!

ఇంతటి శరీరాన్ని పోషించే ఆహారమేది? పెద్ద సొరకు నోటి వెడల్పే ఒకటిన్నర మీటరు వరకు ఉంటుంది. దవడలలో సుమారు 3,000 పళ్ళు వరుసలు తీరి ఉంటాయి. కాని ఒక్కొక్కటి బియ్యపు గింజను మించదు, వాటితో అది దేనినీ కొరకదు. నోరు తెరచి నీటిని లోనికి తీసుకొని, మొప్పల దగ్గరి మెత్తని జల్లెడల గుండా బయటికి విడుస్తుంది. నీరు పోగా మిగిలిన ప్లవకాలు, సన్నని రొయ్యజాతి జీవులు, చేపల గ్రుడ్లు, చిన్న చేపలు - ఇవే దాని భోజనం. చేపలలో అతికాయమైనది, కంటికి కనీ కనిపించని జీవులను ఏరుకొని తిని తృప్తి పడుతున్నది. మనిషి ప్రక్కన ఈదినా అతనిని కన్నెత్తి చూసి వెళ్ళిపోవడమే గాని, దాని వలన అపాయం లేదు. అపాయం ఉన్నదల్లా దానికి మనిషి వలననే.

ఒకే మాటలో రెండర్థాలు

ఆండ్రూ స్మిత్ అనే సైనిక వైద్యుడు 1828లో ఈ చేపను మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతంలో బల్లెంతో పొడిచి పట్టిన ఒక సొరను పరిశీలించి ఆయన ఆ వర్ణన వ్రాశారు. తీరప్రాంతాల జాలరులకు మాత్రం అది అంతకు పూర్వమే తెలుసు. వారు దానిని పేరు పెట్టి పిలిచారు. దాని వీపంతా ముదురు బూడిద వన్నె మీద తెల్లని చుక్కలు, వాటి మధ్య లేత గీతలు పరచుకొని ఉంటాయి. మడగాస్కరు వారు దానిని 'మరోకింతన' అన్నారు. అనేక నక్షత్రాలు కలదని అర్థం. జావా ద్వీపంలో దానిని 'వీపున నక్షత్రాలు కలది' అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. కెన్యా తీరంలో అది షిల్లింగుల సొర. దేవుడు దాని వీపున నాణెములు చల్లాడని అక్కడి వారి కథ. తెలుగులో 'చుక్క' అన్న ఒక్క మాట మచ్చకూ నక్షత్రానికీ చెల్లుతుంది. ఈ చేప వీపును చూచినపుడు ఆ రెండర్థాలలో దేనినీ విడువబుద్ధి కాదు. ఆ రెండర్థాలూ ఒక శాస్త్ర విషయంలో కూడా కలిసిన ఉదంతం ముందు రాబోతున్నది.

పగడాల గోడ ప్రక్కన

ఈ చుక్కల సొరను మనుష్యులు చూడవచ్చే ప్రసిద్ధ స్థలాలలో ముఖ్యమైనది పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ తీరం. పెర్త్ నగరానికి ఉత్తరంగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, ఎర్రని ఎడారి నేల సముద్రంలోకి భూశిరంగా చొచ్చుకొని పోయినచోట ఈ పగడపు దిబ్బ ఉన్నది. దాని పొడవు సుమారు 260 కిలోమీటర్లు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని సుప్రసిద్ధమైన మహా పగడపు దిబ్బ చాలావరకు ఒడ్డునకు దూరంగా ఉన్నది. నింగలూ దిబ్బ అట్లు కాదు. కొన్ని చోట్ల ఒడ్డు నుండి నూరు మీటర్లు ఈదితే చాలు, పగడాల మీదికి చేరవచ్చు. ఆ దిబ్బకు అవతల కొద్ది దూరంలోనే లోతైన మహాసముద్రం మొదలవుతుంది. గోడకు ఇవతల చెరువు వంటి నీరు, అవతల అగాధం. ఆ అంచు వెంబడే మార్చి నెల నుండి తిమింగిల సొరలు వచ్చి తిరుగుతాయి.

అవి ఆ వేళకే ఎందుకు వస్తాయి? మార్చి, ఏప్రిల్ నెలలలో పౌర్ణమి గడిచిన వారం పది రోజులకు, ఒక రాత్రి వేళ, పగడపు జీవులు ఒక్కుమ్మడిగా గ్రుడ్లను, బీజకణాలను నీటిలోకి విడుస్తాయి. లేత గులాబి రంగు రేణువులు తలక్రిందులైన వాన వలె క్రింది నుండి పైకి లేచి, తెల్లవారేసరికి నీటి మీద తెట్టె కట్టి ఉంటాయి. ఈ ఉత్సవానికీ సొరల రాకకూ సంబంధం ఉన్నదని గుర్తించి, 1980లలో వాటిని శ్రద్ధగా పరిశీలించినవారు ఎక్స్‌మౌత్ పట్టణంలో వైద్యుడుగా ఉన్న జెఫ్ టేలర్. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞుల లెక్కలకు ఎక్కిన తిమింగిల సొరలు అప్పటికి కొన్ని వందలే. పగడాల గ్రుడ్లు మాత్రమే ఆకర్షణ కాదని, ఆ కాలంలో తీరపు ప్రవాహాల వలన పెరిగే రొయ్యజాతి జీవుల గుంపులు, చిన్న చేపల గుంపులు కూడా వాటిని రప్పిస్తాయని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఊరికి కొత్త జీవనాధారం

ఎక్స్‌మౌత్ పట్టణం పుట్టుక విచిత్రమైనది. అమెరికా నౌకాదళం తన జలాంతర్గాములకు వార్తలు పంపడానికి అక్కడ నెలకొల్పిన రేడియో కేంద్రానికి తోడుగా 1967లో ఆ ఊరు వెలసినది. అంతకు ముందు, 1950ల నడిమి వరకు, ఆ తీరాననే తిమింగిలాలను వేటాడి నూనె తీసే కేంద్రం ఒకటి పనిచేసినది. 1990ల మొదటిలో అమెరికా నావికులు వెళ్ళిపోయారు. ఊరికి ఆధారం తగ్గిన ఆ సమయానికే సొరలను చూడవచ్చే యాత్రికుల సంఖ్య పెరగసాగినది. తాతల కాలంలో జలచరాలను చంపి బ్రతికిన తీరం, వాటిని చూపించి బ్రతకడం నేర్చుకొన్నది.

చూపించడం కూడా నిరపాయమైన వృత్తి కాదు. ఒక సొర చుట్టూ పది పడవలు మూగితే, పడవకొక పదిమంది నీటిలో దూకితే, అది మునిగి పోతుంది, మరునాడు రాదు. ఇంజను రెక్క తగిలితే గాయపడుతుంది. ఈ ప్రమాదాన్ని ముందే ఊహించడం అక్కడి పాలకుల విజ్ఞత. 1987లోనే ఆ జలాలను సాగరోద్యానంగా ప్రకటించి ఉన్నారు. 1993లో లైసెన్సులు ప్రవేశపెట్టి, సొరలను చూపించే పడవల సంఖ్యకు పరిమితి ఏర్పరచారు.

ఆ నియమాలు వినదగినవి. సొర చుట్టూ 250 మీటర్ల వలయంలోకి ఒక సమయంలో ఒక్క పడవయే రావలెను. అది కూడా ఎనిమిది నాట్ల వేగం మించరాదు, సొరకు 30 మీటర్ల లోపలికి పోరాదు, గంటన్నర కంటె ఎక్కువ సేపు నిలువరాదు. నీటిలో ఒకసారికి పదిమంది ఈతగాళ్ళకు మించి ఉండరాదు. ఈదేవారు తలకు, శరీరానికి మూడు మీటర్ల దూరంలో, తోకకు నాలుగు మీటర్ల దూరంలో ఉండవలెను. తాకరాదు, ఎదురుగా అడ్డగించరాదు, ఫ్లాష్ వెలుగుతో ఫోటో తీయరాదు. సొర ఎక్కడ ఉన్నదో చిన్న విమానాలు పైనుండి చూచి పడవలకు చెబుతాయి గాని, ఎర వేసి రప్పించడం లేదు. ప్రతి యాత్రికుని తరపున కొంత రుసుము ప్రభుత్వానికి చేరుతుంది. అది ఉద్యానవన పరిరక్షణకు, పరిశోధనకు ఉపయోగపడుతుంది.

దేశదేశాల నుండి వచ్చి, పెద్ద మొత్తం చెల్లించి, నీటిలో దిగినవానికి ఎదురుగా ఆ మహామత్స్యం వస్తుంటే చేయి చాచి తాకవలెనని అనిపించక మానదు. మూడు మీటర్లు అనగా రెండు బారలు కూడా కాదు. ఆ రెండు బారల లోపున తన చేతిని తాను ఆపుకొనడమే ఈ ఏర్పాటుకంతటికీ పునాది. పర్యావరణ పర్యాటకమన్న పెద్ద మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఇదే: చూడవచ్చినదానికి హాని కలిగించకుండా చూచి పోవడం, పోతూ దాని రక్షణకు కొంత విడిచి పోవడం.

ఆకాశం నుండి వచ్చిన లెక్క

మనిషి వేలిముద్ర వలెనే ప్రతి సొర వీపు మీది చుక్కల అమరిక వేరు. అది జీవితమంతా గుర్తుగా నిలుస్తుంది. కనుక ఫోటోలు పోల్చితే ఏది కొత్తదో, ఏది తిరిగి వచ్చినదో తెలుసుకొనవచ్చు. నింగలూలో 1990లలో బ్రాడ్ నార్మన్ అనే పరిశోధకుడు ఈ పని మొదలుపెట్టాడు. కాని వేల ఫోటోలను కంటితో పోల్చడం ఎవరి తరం? అందుకు సమాధానం ఖగోళ శాస్త్రంలో దొరికినది. ఆకాశపు ఛాయాచిత్రాలలో నక్షత్రాల గుంపులను ఒకదానితో ఒకటి సరిపోల్చడానికి ఎడ్వర్డ్ గ్రోత్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో ఒక గణిత పద్ధతిని ప్రకటించాడు. మూడేసి చుక్కలను కలిపి త్రిభుజాలు గీసి, ఆ త్రిభుజాల ఆకారాలను పోల్చడం దాని సారాంశం. జేసన్ హోంబర్గ్ అనే కంప్యూటరు నిపుణుడు, జావెన్ ఆర్జూమానియన్ అనే ఖగోళ శాస్త్రవేత్త నార్మన్‌తో కలసి, ఆ పద్ధతిని సొర మొప్పల వెనుక భాగంలోని చుక్కలకు అన్వయించి 2005లో ప్రకటించారు. జాలరులు నక్షత్రాలన్న చుక్కలు, నక్షత్రాల లెక్కతోనే గుర్తింపుకు వచ్చినవి.

దీని ఫలితం ఒకటి విశేషమైనది. యాత్రికుడు తీసిన ఫోటో జ్ఞాపకచిహ్నం మాత్రమే కాక శాస్త్రానికి ఆధారమైనది. మూడు మీటర్ల దూరాన నిలిచి తీసినదే అందుకు చాలును.

ఈ విధంగా, ఇతర పద్ధతుల ద్వారానూ తెలిసిన సంగతులు కొన్ని ఉన్నవి. నింగలూకు వచ్చేవాటిలో అధికభాగం ఇంకా ఎదగని మగ సొరలు. పెద్ద ఆడ సొరలు ఎక్కడ కాలం గడుపుతాయో ఇంకా రహస్యమే. 1995లో తైవాను జలాలలో పట్టుబడిన ఒక ఆడ సొర గర్భంలో సుమారు 300 పిల్లలు కనిపించినవి. అంతవరకు అది గ్రుడ్లు బయట పెట్టే చేపయో, పిల్లలను కనే చేపయో తేలలేదు. ఈ చేప 1,900 మీటర్ల లోతుకు పైగా మునుగుతుందని దానికి కట్టిన యంత్రాలు తెలిపినవి. 1950, 1960 దశకాలలో జరిగిన అణుబాంబు పరీక్షల వలన వాతావరణంలో పెరిగిన ఒక విధమైన కర్బనం, దాని వెన్నుపూసలలో కూడా గుర్తుగా మిగిలినది. ఆ గుర్తు సాయంతో వెన్నుపూసల వలయాలను లెక్కించి, ఒక సొర 50 ఏళ్ళు బ్రతికినదని 2020లో నిర్ధారించారు. అది ఎదిగి పిల్లలను కనే వయస్సుకు రావడానికే రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. 2022లో నింగలూ సొరల మీద జరిపిన పరిశోధనలో అవి సముద్రపు నాచును కూడా తిని జీర్ణం చేసుకొంటున్నవని తేలినది.

నిదానంగా ఎదిగే జీవికి నష్టం జరిగితే పూడడం కూడా నిదానమే. 75 సంవత్సరాలలో ప్రపంచంలోని తిమింగిల సొరల సంఖ్య సగానికి పైగా తగ్గిపోయినదని అంచనా వేసి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో వాటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులలో చేర్చినది.

నియమం చాలునా?

నింగలూ కథ విని, అక్కడ సర్వం సుఖాంతమని అనుకొనరాదు. 2000 ప్రాంతాలలో ఆ తీరానే మాడ్స్ లాండింగ్ అన్న చోట పెద్ద విహార కేంద్రం, పడవల రేవు కట్టడానికి ఒక ప్రతిపాదన వచ్చినది. యాత్రికులు పెరుగుతున్నారు కనుక వసతులు పెరగవలెనని దాని వాదం. ప్రజలు వేల సంఖ్యలో ప్రతిఘటించారు. ఆస్ట్రేలియా నవలాకారులలో ప్రముఖుడైన టిమ్ వింటన్ ఆ ఉద్యమానికి అండగా నిలిచి, తన నవలకు వచ్చిన బహుమతి ధనాన్ని దానికే ఇచ్చివేశాడు. 2003లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తిరస్కరించినది. 2011లో నింగలూ తీరం ప్రపంచ వారసత్వ ప్రదేశాల పట్టికలో చేరినది. సొరను చూడవచ్చే జనమే సొర ఇల్లు కూల్చడానికి కారణం కాగూడదన్న వివేకం ఆనాడు గెలిచినది.

లెక్కలలో కూడా వివాదం లేకపోలేదు. నింగలూలో కనిపించే సొరల సగటు పొడవు దశాబ్ద కాలంలో దాదాపు రెండు మీటర్లు తగ్గినదని, వాటి సంఖ్య కూడా తరుగుతున్నదని ఒక బృందం 2008లో ప్రకటించగా, చుక్కల ఫోటోలతో లెక్కించిన మరొక బృందం సంఖ్య తగ్గలేదని వాదించినది. విద్యార్థులకు ఇందులో ఒక పాఠం ఉన్నది: కొలిచే పద్ధతి మారితే జవాబు మారవచ్చు, కనుక శాస్త్రంలో ఒక్క లెక్కతో తీర్పు చెప్పరాదు.

ఉద్యానవనపు ఎల్లలు సొరకు తెలియవు. అది వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. దాదాపు 350 సొరలకు కట్టిన పరికరాల వార్తలను ఓడల దారులతో పోల్చి చూచిన పరిశోధకులు, పెద్ద ఓడలు ఢీకొని మరణించే సొరలు అనుకొన్నదాని కంటె ఎక్కువై ఉండవచ్చునని 2022లో హెచ్చరించారు. చచ్చిన సొర అడుగుకు మునిగిపోతుంది గనుక సాక్ష్యం మిగలదు. ఇక 2025 తొలి నెలలలో సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కి, నింగలూ పగడాలు విస్తారంగా తెల్లబారినవి. మూడు మీటర్ల నియమం ఈతగాని చేతిని ఆపగలదు గాని, నీటి వేడిని ఆపలేదు. ఆ పనికి నింగలూ ఎన్నడూ చూడని వారి నడవడి కూడా మారవలసి ఉన్నది.

నియమం లేనిచోట ఏమవుతుందో తెలియవలెనంటే ఫిలిప్పీన్సులోని ఓస్లోబ్ గ్రామం వైపు చూడవచ్చు. 2011 నుండి అక్కడి జాలరులు చిన్న రొయ్యలను చేతితో వేసి సొరలను ఒడ్డు దగ్గరికి అలవాటు చేశారు. యాత్రికులు లక్షల సంఖ్యలో వచ్చారు. పేద జాలరుల ఇళ్ళకు డబ్బు వచ్చినది. ఆ సంగతి తేలికగా తీసివేయదగినది కాదు. కాని కొన్ని సొరలు తమ సంచారం మాని నెలల తరబడి అక్కడనే ఉండిపోతున్నవని, పడవల దగ్గరికి రావడం నేర్చుకొని ఒంటినిండా గాయపు మచ్చలు తెచ్చుకొంటున్నవని పరిశోధకులు గమనించారు. నింగలూలో మనిషి సొర దారికి వెళుతున్నాడు. ఓస్లోబులో సొర మనిషి దారికి వచ్చినది.

మన తీరాలలో

ఈ సొర మన దేశానికి అపరిచితం కాదు. గుజరాతు తీరంలో ఒకప్పుడు దానిని కాలేయపు నూనె కోసం వేటాడేవారు. ఆ నూనెను పడవల చెక్కకు పూసేవారు. వేటలో కట్టే పీపాలను బట్టి దానికి 'బేరల్' అనే పేరే వచ్చినది. 2001లో భారత ప్రభుత్వం దానిని వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చినది. 2004లో మొదలైన ప్రచారంలో కథాప్రవక్త మొరారి బాపు, అది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ వంటిదని జాలరులకు బోధించారు. దానికి 'వ్హాలి' అనగా ప్రియమైనది అని కొత్త పేరు వచ్చినది. ఆనాటి నుండి జాలరులు తమ వలలు కోసి వందల సొరలను విడిచిపెట్టారు. కోసిన వలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా జరిగినది. చట్టం చేయలేని పనిని ఒక పోలిక చేసినది. ఆడబిడ్డను పుట్టింట చంపుకొనేవారు ఎవరు?

ఆంధ్ర తీరంలో కూడా 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపాన తంతడి వద్ద ఒక తిమింగిల సొర ఒడ్డున చిక్కుకొన్నది. జాలరులు, అటవీశాఖవారు, ప్రకృతి ప్రేమికులు కలసి దానిని మళ్ళీ లోతు నీటికి చేర్చారు. అక్కడ రుసుము చెల్లించిన యాత్రికులు లేరు, లైసెన్సు పడవలు లేవు. ఇసుకలో ఒరిగిన ప్రాణిని తిరిగి సాగనంపవలెనన్న తలంపు మాత్రమే ఉన్నది.

మత్స్యన్యాయాన్ని అణచడానికి రాజదండం కావలెనని పూర్వులు అన్నారు. నేడు సముద్రంలో అందరికంటె పెద్ద నోరు మానవునిది. అతనిని అదుపు చేయగల మరొక తిమింగిలగిలం ఏ నిఘంటువులోనూ లేదు. కనుక ఆ దండాన్ని అతడే తన మీద తాను ప్రయోగించుకొనవలసి ఉన్నది. నింగలూ నీటిలో దాని కొలత మూడు మీటర్లు.